చెల్లాచెదురైన మూలికలు

పిల్లలూ!

ఈ నెల మిమ్మల్ని చాలా దూరం తీసుకుపోతున్నాను. మీ భూగోళం పుస్తకంలో ఐరోపా ఖండం పటం తీసి చూడండి. పడమటి వైపున ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు కలిసి ఉన్న పెద్ద దీవి కనిపిస్తుంది. దానికి ఇంకా పడమరగా అట్లాంటిక్ మహాసముద్రంలో మరొక దీవి ఉన్నది. అదే ఐర్లండు. అక్కడ వానలు ఎక్కువ. ఎటు చూసినా పచ్చికే.

ముందుగా ఆ దేశపు పాతకథ ఒకటి చెబుతాను, వినండి.

వెనకటికి ఆ దీవిలో దేవజాతివారు ఉండేవారట. వారి రాజు పేరు నువాద. ఒక యుద్ధంలో ఆయన చెయ్యి తెగిపోయింది. వారి వైద్యుడు డియాన్ కేక్ట్ అనేవాడు రాజుకు వెండితో చెయ్యి చేసి అమర్చాడు. అయితే ఆ వైద్యుడి కొడుకు మీయఖ్ తండ్రిని మించినవాడు. అతను రాజుగారి అసలు చేతినే తెచ్చి, కీళ్ళూ నరాలూ సరిగా కలిపి, తొమ్మిది రోజులలో మళ్ళీ అతుక్కునేటట్టు చేశాడు.

కొడుకు ప్రయోజకుడైతే తండ్రి సంతోషించాలి గదా? డియాన్ కేక్ట్ మాత్రం అసూయతో మండిపోయి, కొడుకును కత్తితో నరికి చంపాడు.

మీయఖ్ సమాధిమీద 365 మూలికలు మొలిచాయి. శరీరంలోని ఒక్కొక్క కీలుకూ నరానికీ ఒక్కొక్క మూలిక అన్నమాట. అతని సోదరి ఎయిర్మెడ్ ఏడుస్తూనే తన పైవస్త్రాన్ని నేలమీద పరిచింది. ఏ మూలిక ఏ జబ్బుకు పనిచేస్తుందో చూసి, దేనికది వేరుగా పేర్చసాగింది. అంతలో తండ్రి వచ్చి, పేర్చిన మూలికలన్నిటినీ కలగాపులగం చేసేశాడు. అందుకే ఏ ఆకు దేనికి మందో ఈనాటికీ మనుషులకు పూర్తిగా తెలియదని ఆ దేశస్థులు చెప్పుకున్నారు.

కథ కథే. కాని ఐర్లండు పల్లెలలో వైద్యం నిజంగానే అలా ఉండేది. మంచి మందూ, ఉత్త నమ్మకమూ, అపాయమూ అన్నీ ఒకే మూటలో కలిసిపోయి ఉండేవి. ఆ మూట విప్పి చూడటానికి ఎవరు సాయపడ్డారో తెలుసునా? మీలాంటి బడిపిల్లలే!

1935లో ఐర్లండు ప్రభుత్వం జానపద విజ్ఞానాన్ని సేకరించటానికి ఒక సంఘాన్ని ఏర్పాటు చేసింది. పాటలూ, కథలూ, ఆటలూ, ఆచారాలూ తెలిసిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే రాలిపోతున్నారు. వాళ్ళతోపాటు వాళ్ళకు తెలిసినదంతా పోతున్నది. కొద్దిమంది ఉద్యోగులు ఎన్ని ఊళ్ళు తిరగగలరు? అందుచేత 1937లో ఆ సంఘంవారు, విద్యాశాఖవారు, ఉపాధ్యాయులు కలిసి ఒక ఉపాయం ఆలోచించారు. ప్రాథమిక పాఠశాలలలో పెద్ద తరగతుల పిల్లలు, అంటే పదకొండు మొదలు పద్నాలుగు ఏండ్ల వయసువాళ్ళు, వ్యాసాలు రాసే గంటలో ఈ పని చెయ్యాలన్నారు. ఇంటికి వెళ్ళి తాతనో, అవ్వనో, పక్కింటి ముసలాయననో అడగాలి. విన్నది విన్నట్టు నోటుపుస్తకంలో రాయాలి. ఎవరు చెప్పారో కూడా రాయాలి.

సుమారు 5,000 బడులలో దాదాపు 50,000 మంది పిల్లలు ఈ పనికి పూనుకున్నారు. ఏడాదిన్నర కాలంలో పోగైన పుటలు సుమారు 7,40,000! అవన్నీ ఈనాటికీ డబ్లిన్ నగరంలోని విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నవి. ఆ పిల్లలు అడిగి రాసుకున్న విషయాలలో ఊరి వైద్యాలు కూడా ఒకటి.

ఇప్పుడు ఆ వైద్యాలేమిటో చూదాం.

ఆ రోజుల్లో పల్లెలలో డాక్టరు ఎక్కడో దూరాన ఉండేవాడు. పిలిపించుకోవాలంటే పేదవాళ్ళ దగ్గర డబ్బు ఉండేది కాదు. అందుచేత జబ్బు చెయ్యగానే "ఫలానావారి దగ్గర దీనికి మందు ఉన్నది" అని, ఊళ్ళోనే ఎవరినో వెతుక్కుంటూ వెళ్ళేవారు. ఆ మనిషి చదువుకున్న వైద్యుడు కానక్కరలేదు. రైతు కావచ్చు, కమ్మరి కావచ్చు, ఇంట్లో వంట చేసుకునే ఇల్లాలు కావచ్చు.

మరి ఆ శక్తి వాళ్ళకు ఎలా వచ్చింది? కొందరికి పుట్టుకతోనే వస్తుందని నమ్మేవారు. మధ్యలో ఆడపిల్ల లేకుండా వరసగా పుట్టిన ఏడో కొడుకు చేతిలో మహిమ ఉంటుందట. ఆ పసివాడి చేతిలో వానపామును పెట్టి, అది చచ్చిపోతే మహిమ ఉన్నట్టే అని తేల్చుకునేవారు! తండ్రి పోయిన తరవాత పుట్టిన బిడ్డ నోట్లోకి ఊదితే పసిపిల్లల నోటిపూత తగ్గుతుందనేవారు. పెళ్ళి కాకముందూ, అయిన తరవాతా ఇంటిపేరు మారని స్త్రీ, అంటే తన ఇంటిపేరే ఉన్నవాణ్ణి చేసుకున్న స్త్రీ, తన చేత్తో ఇచ్చిన రొట్టె తింటే కోరింత దగ్గు పోతుందనేవారు. నీళ్ళలో ఉండే బల్లివంటి ప్రాణిని ఒకసారి నాకినవాడు, ఆ తరవాత కాలిన పుండును నాకితే పుండు మానుతుందట!

మీరు నవ్వుతున్నారు కాబోలు. కాస్త ఆగండి. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు నడుము తొక్కితే పట్టు వదులుతుందని మీ అమ్మమ్మ అనగా మీరు వినలేదూ? సముద్రాలు అడ్డమున్నా మనుషుల ఊహలు ఒక్క తీరుగానే నడుస్తాయి సుమా!

ఇక వైద్యం చేసే పద్ధతులు చెబుతాను. కోరింత దగ్గు వచ్చిన పిల్లవాణ్ణి గాడిద పొట్ట కిందుగా ముమ్మారు ఇటునుంచి అటు దాటించేవారు. లేకపోతే, తెల్లగుర్రం ఎక్కి దారిన పోయే మనిషిని ఆపి, "అయ్యా, దగ్గుకు మందేమిటి?" అని అడిగేవారు. అతను నోటికి వచ్చినది ఏది చెబితే అదే మందు! గవదబిళ్ళలు లేస్తే పిల్లవాడి తలకు గాడిద కళ్ళెం తగిలించి వాగు దగ్గరికి నడిపించేవారు. పులిపిర్లు ఉన్నవాడు నత్తను పట్టి వాటిమీద రుద్ది, దాన్ని ముల్లుకు గుచ్చేవాడు. నత్త ఎండిపోయేకొద్దీ పులిపిరి ఎండిపోతుందని నమ్మకం. మరికొందరు పులిపిర్లు ఎన్ని ఉంటే అన్ని గులకరాళ్ళు సంచిలో కట్టి దారిలో పడేసేవారు. ఆ సంచి ఎవడు విప్పితే పులిపిర్లు వాడికి పోతాయట! పవిత్రమైన ఊటబావుల పక్కనున్న చెట్లకు రోగి బట్టపీలిక ఒకటి కట్టేవారు. పీలిక చీకిపోయేటప్పటికి జబ్బూ పోతుందన్నమాట.

బెణుకుకు ముడులు వేసిన దారం కట్టి, ఎముక ఎముకతోనూ నరం నరంతోనూ కలవాలని మంత్రం చెప్పేవారు. ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. జర్మనీలో మెర్జెబుర్గ్ అనే ఊళ్ళో 1841లో దొరికిన వెయ్యేండ్ల నాటి మంత్రంలోనూ ఇదే భావం ఉన్నది. మన అథర్వవేదం నాలుగో కాండలో విరిగిన ఎముక అతకటానికి రోహిణి అనే మూలికను వేడుకునే సూక్తంలోనూ ఇదే భావం ఉన్నది. ఈ పోలికను 1864లో అడాల్బర్ట్ కూన్ అనే జర్మన్ పండితుడు వివరించాడు.

ఈ వైద్యులు చాలామంది డబ్బు పుచ్చుకునేవారు కారు. పుచ్చుకుంటే మహిమ పోతుందనేవారు. కొన్నిచోట్ల "మీ మేలు మరవను" అని కూడా అనరాదు! కొన్ని మంత్రాలను మగవాడు ఆడమనిషికి, ఆడమనిషి మగవాడికి మాత్రమే నేర్పాలి. జబ్బుపడినవాడి కోసం ఇరుగుపొరుగువారు పని మానుకొని, ఏమీ ఆశించకుండా సాయపడటం మంచి విషయమే గదా? దాన్ని మనం చిన్నచూపు చూడరాదు.

అయితే నిజంగా జబ్బులు తగ్గేవా? తగ్గేవి! ఎందుకు తగ్గేవో చెబుతాను, జాగ్రత్తగా వినండి.

పులిపిర్లు చాలావరకు కొన్ని నెలలకో, ఒకటి రెండు ఏండ్లకో వాటంతట అవే రాలిపోతాయి. గవదబిళ్ళలు సాధారణంగా వారం పది రోజులలో అణుగుతాయి. నత్తను గుచ్చినా రాలిపోతాయి, గుచ్చకపోయినా రాలిపోతాయి. కాని గుచ్చినవాడు "చూశారా, నత్త మహిమ!" అంటాడు. తగ్గనివాడి మాట ఎవరూ చెప్పుకోరు. పదిమందికి తగ్గిందని చెప్పుకుంటారే కాని, ఎంతమందికి చేస్తే పదిమందికి తగ్గిందో లెక్క పెట్టరు. అసలు ఏ వైద్యమూ చెయ్యకపోతే ఎంతమందికి తగ్గేదో అది అంతకంటే లెక్క పెట్టరు. ఈ రెండు లెక్కలూ వేసి చూడటమే శాస్త్రం. దీనికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. నిజాయితీ కావాలి, ఓపిక కావాలి.

కోరింత దగ్గు సంగతి వేరు. అది పసిపిల్లలకు ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. గాడిద కింద దూరినందువల్ల ఏ ఒక్క పసిప్రాణమూ దక్కలేదు. ఈనాడు దానికి టీకా ఉన్నది. మీకు చిన్నప్పుడు వేయించే ఉంటారు.

నమ్మకం మరీ ముదిరితే ఘోరాలు కూడా జరుగుతాయి. గుట్టల కింద కంటికి కనపడని మాయజనం ఉంటారనీ, వాళ్ళు మనుషులను ఎత్తుకుపోయి వారి రూపంలో వేరొకరిని వదులుతారనీ ఐర్లండులో అనుకునేవారు. 1895లో టిప్పరేరీ ప్రాంతంలో బ్రిజిట్ క్లియరీ అనే యువతి జబ్బుపడింది. మంచంలో ఉన్నది తన భార్య కాదు, మాయమనిషి అని భర్త నమ్మాడు. మూలికల రసం బలవంతంగా తాగించారు. చివరకు భర్త చేతిలోనే ఆమె ప్రాణం పోయింది. న్యాయస్థానం అతనికి ఇరవై ఏండ్ల శిక్ష వేసింది. ఆ గదిలో చుట్టాలు కూడా ఉన్నారు. "ఇది తప్పు" అని అడ్డుపడి ఆపగలిగినవాడు ఒక్కడూ లేకపోయాడు.

"అయితే మాస్టారూ, ఆ మూటంతా చెత్తకుప్పలో పారేద్దామా?" అంటారేమో. అలా చేస్తే మనమూ డియాన్ కేక్ట్‌లమే అవుతాం. అందులో ముత్యాలు కూడా ఉన్నవి.

ఐర్లండులో బురదనేలలు విస్తారం. వాటిలో ఒక రకం నాచు పెరుగుతుంది. ఎండబెడితే తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పీల్చుకుంటుంది. పాతకాలంలో దాన్ని గాయాలమీద కట్టేవారు. 1914 నుంచి 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచ యుద్ధంలో దూదికి కరువు వచ్చినప్పుడు, ఐర్లండులోనూ స్కాట్లండులోనూ ఈ నాచునే మూటలు మూటలుగా ఏరి, శుభ్రం చేసి, సైనికుల గాయాలకు కట్లుగా పంపారు. అవి బాగా పనిచేశాయి.

ఐర్లండు పొలాలగట్ల మీద ఊదారంగు గంటలవంటి పూలు పూసే మొక్క ఒకటి ఉన్నది. ఇంగ్లీషువారు దాన్ని ఫాక్స్‌గ్లవ్ అంటారు. ఐరిష్ భాషలో దాని పేరుకు "పెద్ద మూలిక" అని అర్థం. అది ఇంగ్లండులోనూ పెరుగుతుంది. అక్కడ విలియం విదరింగ్ అనే డాక్టరుకు, ఒళ్ళంతా నీరు పట్టే జబ్బుకు ఒక ముసలమ్మ రహస్యంగా ఇచ్చే మందు సంగతి తెలిసింది. అందులో ఇరవైకి పైగా ఆకులు ఉన్నవి. ఆయన నవ్వి ఊరుకోలేదు, కళ్ళు మూసుకొని నమ్మనూ లేదు. వాటిలో పనిచేసేది ఈ ఒక్క ఆకే అని కనిపెట్టాడు. ఏండ్ల తరబడి ఎవరికి ఎంత ఇచ్చినదీ, ఎవరికి తగ్గినదీ, ఎవరికి తగ్గనిదీ రాసుకొని, 1785లో పుస్తకం వేశాడు. ఆ జాతి మొక్కల నుంచి తీసిన మందును డాక్టర్లు ఈనాటికీ గుండెజబ్బుకు వాడుతున్నారు. కాని పిల్లలూ, అదే ఆకు కాస్త ఎక్కువైతే విషం! మాయబిడ్డలని అనుమానించి ఐర్లండులో పసివాళ్ళకు దాని రసం పట్టినవాళ్ళూ ఉన్నారు. ఒకే ఆకు తెలిసినవాడి చేతిలో మందు, తెలియనివాడి చేతిలో మృత్యువు.

అన్నిటికంటే చిత్రమైనది బోహో మట్టి కథ. దీవికి ఉత్తరభాగాన ఫెర్మనా అనే ప్రాంతంలో బోహో అనే పల్లె ఉన్నది. అక్కడ 1815లో జేమ్స్ మెగిర్ అనే క్రైస్తవ మతగురువు చనిపోయాడు. ఆయన జబ్బులు నయం చేస్తాడని పేరు. తాను బతికుండగా నయం చేసిన జబ్బులను, పోయిన తరవాత తనను కప్పిన మట్టి నయం చేస్తుందని ఆయన చెప్పాడట. అప్పటినుంచి జనం ఆ మట్టిని కొద్దిగా గుడ్డలో మూటకట్టి తలగడ కింద పెట్టుకొని పడుకునేవారు. తరవాత ఆ మట్టిని తెచ్చి మళ్ళీ అక్కడే వెయ్యాలి.

ఆ ప్రాంతంలో నివసించిన ఒక శాస్త్రజ్ఞుడికి ఆ మట్టిలో ఏముందో చూడాలని తోచింది. ఆయనా, వేల్సులోని స్వాన్సీ విశ్వవిద్యాలయంలోని తోటివారూ పరీక్ష చేయగా, స్ట్రెప్టోమైసిస్ అనే జాతికి చెందిన ఒక కొత్త సూక్ష్మజీవి కనిపించింది. మామూలు మందులకు లొంగని ఆరు మొండి సూక్ష్మజీవులలో నాలుగింటిని అది పరీక్షశాలలో పెరగనివ్వలేదు. 2018లో ఈ సంగతి ప్రకటించారు.

ఈ జాతి మనకు కొత్తది కాదు. 1943లో కనిపెట్టిన స్ట్రెప్టోమైసిన్ అనే క్షయరోగపు మందు ఈ జాతి నుంచే వచ్చింది. 1948లో ఆరియోమైసిన్ వెలువడినది కూడా ఈ జాతి నుంచే. ఆ మందును బయటికి తెచ్చిన అమెరికా పరిశోధనశాలకు పెద్దగా ఉన్నవాడు ఎవరనుకున్నారు? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే! ఆ మందు తాలూకు సూక్ష్మజీవి కూడా ఒక పొలంలోని మట్టిలో దొరికినదే.

అయితే ఒక మాట. బోహో మట్టిలో మంచి సూక్ష్మజీవి ఉన్నది గదా అని, దాన్ని తలగడ కింద పెట్టుకుంటే జబ్బు పోతుందని రుజువు కాలేదు. పరీక్షశాలలో పనిచేసినది మనిషికి మందు కావాలంటే ఇంకా ఎన్నో పరీక్షలు జరగాలి. ముసలివాళ్ళ మాట ఎక్కడ వెతకాలో చూపించింది. వెతకవలసినది మాత్రం మనమే.

ఇంతసేపూ పరాయిదేశం సంగతి చెప్పాను. ఇక నా తప్పు ఒకటి చెప్పి ముగిస్తాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, తరగతిలో ఒక పిల్లవాడి మెడలో తాయెత్తు చూసి అందరిముందూ వేళాకోళం చేశాను. పిల్లలంతా నవ్వారు. మూఢనమ్మకాన్ని పోగొట్టానని నాలో నేను పొంగిపోయాను. కొన్ని నెలల తరవాత ఆ తరగతిలోనే మరొక పిల్లవాణ్ణి వీధికుక్క కరిచింది. ఇంటివాళ్ళు మంత్రం వేయించి ఊరుకున్నారు. నాకు చెబితే నవ్వుతానని ఆ పిల్లవాడు గాయం చూపించలేదు. మూడో రోజున వాడి స్నేహితుడు రహస్యంగా వచ్చి చెప్పాడు. నాకు కాళ్ళు వణికాయి. పిచ్చికుక్క కాటుకు జబ్బు పైకి కనిపించిన తరవాత మందు లేదు. ముందుగా సూదిమందు వేయించటమే దారి. ఆ సాయంత్రమే వాళ్ళ నాన్ననూ వాణ్ణీ వెంటబెట్టుకొని పట్నం ఆసుపత్రికి వెళ్ళాను. ఆ రోజుల్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. వాడు పళ్ళు బిగబట్టి అన్నీ వేయించుకున్నాడు. ఇప్పుడు వాడికి మీ అంత పిల్లలు ఉన్నారు.

ఆనాడు నేను తెలుసుకున్నది ఇది: నవ్వేవాడికి ఎవరూ నిజం చెప్పరు. నిజం తెలియనివాడు ఎవరికీ సాయపడలేడు.

అందుచేత ఈ నెల మీకు ఒక పని పెడుతున్నాను. ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీ తాతయ్యనూ, నాయనమ్మనూ, అమ్మమ్మనూ దగ్గర కూర్చుని అడగండి. నవ్వకుండా అడగండి. ఏ జబ్బుకు ఏమి చేసేవారో, ఎవరు చేసేవారో, ఆ తరవాత ఏమయిందో, మూడు వరసలుగా రాయండి. చెప్పినవారి పేరూ, ఊరూ రాయటం మరవకండి. అయితే రాసుకున్న ఏ ఆకునూ నోట పెట్టుకోరాదు, ఎవరికీ పెట్టరాదు. జ్వరం వచ్చినా, పాము కరిచినా, కుక్క కరిచినా వెంటనే పెద్దలకు చెప్పి ఆసుపత్రికి వెళ్ళాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు అడిగినప్పుడు "ఇప్పుడెందుకురా అవన్నీ" అని కసురుకోకండి. మీకు గుర్తున్నదంతా చెప్పండి. ఎక్కడ మోసపోయారో అది కూడా దాచకుండా చెప్పండి. పిల్లలకు అదే ఎక్కువ పనికివస్తుంది.

ఎయిర్మెడ్ పరిచిన వస్త్రం ఇంకా అలాగే ఉన్నది, పిల్లలూ. మూలికలు కలిసిపోయి ఉన్నవి. ఓపికగా కూర్చుని ఒక్కొక్కటీ ఏరి పేర్చేవాళ్ళు కావాలి. మీలో ఎవరైనా ఆ పని చేస్తే చూడాలని ఈ ముసలి మాస్టారి కోరిక.

మీకందరికీ ఆశీస్సులు.